బండి కింద ఎర్ర చుక్క

ఫిబ్రవరిలో వరంగల్ నుంచి నర్సంపేట వెళ్లారా ఎప్పుడైనా? గొర్రెకుంట, ధర్మారం దాటి గిర్నిబావి వైపు వస్తుంటే రోడ్డుకు రెండు పక్కలా ఎరుపే. కల్లాల్లో మిర్చి ఆరబోసి ఉంటుంది. బస్సు కిటికీ తెరిస్తే ముక్కులో ఘాటు, కళ్లలో నీళ్లు. పక్క సీట్లో కూర్చున్న పెద్దమ్మ మాత్రం కొంగు కూడా అడ్డం పెట్టుకోదు. ఆమెకది అలవాటే. 2025లో జీఐ ట్యాగ్ వచ్చిన చపాటా మిర్చి కూడా ఈ వరంగల్ ప్రాంతానిదే. గుండ్రంగా ఉంటుంది కాబట్టి టమాట మిరప అంటారు. కారం తక్కువ, రంగు ఎక్కువ.

ఈసారి నేను మిర్చి చూడ్డానికి రాలేదు. బాపు బండి అమ్మడానికి వచ్చాను.

బాపు అక్టోబరులో పోయాడు. దుగ్గొండి మండలంలోని మా ఊళ్లో ఇంటి ముందు వేపచెట్టు కింద ఆయన బండి అట్లనే ఉండిపోయింది. ఏడు సీట్ల డీజిల్ బండి. కంపెనీ పేరు ఎందుకులెండి, దాని తప్పేం లేదు. ఏపీ 36 అని పాత వరంగల్ నంబరు, పసుపు ప్లేటు. పత్తి రెండేళ్లు వరసగా దెబ్బతీసినప్పుడు బాపు ఎకరం కౌలుకిచ్చి, అప్పు తెచ్చి, ఈ బండి సెకండ్ హ్యాండ్‌లో కొని కిరాయికి తిప్పాడు. పెళ్లిళ్లు, వరంగల్ ఆస్పత్రులు, రెండేళ్లకోసారి మేడారం జాతర. జాతరప్పుడైతే నాలుగు రోజులు ఇంటికే వచ్చేవాడు కాదు. నర్సంపేట నుంచి మల్లంపల్లి, ములుగు, తాడ్వాయి... ఆ దారిలో గుంతలన్నీ పేరుపెట్టి పిలిచేటంత తెలుసు ఆయనకు.

అప్పు ఇంకా రెండున్నర లక్షలు ఉంది. బండికి నర్సంపేటలో ఒకతను రెండు లక్షల అరవై వేలకు మాటిచ్చాడు. అప్పు తీరుతుంది, పదివేలు మిగులుతుంది. హైదరాబాద్‌లో నా జీతం సంగతి అడక్కండి, రూమ్ రెంటుకూ ఈఎంఐకీ సరిపోతుంది.

మా బావ వారానికోసారి స్టార్ట్ చేసి ఉంచడం వల్ల బ్యాటరీ బతికే ఉంది. ఊరి నుంచి నర్సంపేట దాకా నేనే నడిపాను. స్టీరింగ్ బరువుగా ఉంది. మలుపు తిప్పినప్పుడల్లా ఇంజన్ వైపు నుంచి 'ఊఁ...' అని మూలుగు. పాత బండి గదా, మామూలే అనుకున్నాను.

బస్ డిపో దాటినంక బండి పక్కకు పెట్టి కొనేటాయన కోసం ఎదురుచూశాను. అతను తన వెంట ఒక తెలిసినాయన్ని తెచ్చుకున్నాడు. ఆ తెలిసినాయన టైర్లు తన్నాడు, డోర్లు కొట్టాడు, ఒకసారి నడిపి చూశాడు, మళ్లీ తెచ్చి ఆపాడు. దిగి, ఓ పది నిమిషాలు మాట్లాడి, బండిని రెండడుగులు వెనక్కి తీయమన్నాడు. తీశాను.

నేల మీద అరచేయంత ఎర్రటి తడి.

"ర్యాక్ పోయింది," అన్నాడు. బానెట్ కూడా తెరవలేదు. "ముప్పై వేలు. ఇంక పై ఖర్చు."

కొనేటాయన చప్పుడు చేయకుండా లెక్క వేసుకున్నాడు. "రెండు ఇరవై అయితే తీస్కుంట. రేపు సాయంత్రం దాకా ఆలోచించుకో తమ్మీ."

నలభై వేలు. ఒక్క చుక్కకు.

ఇక్కడ కాస్త ఆగి, అసలు ఆ ఎర్రటిది ఏంటో చెప్తాను. ఇప్పుడు వచ్చే చిన్న కార్లలో చాలావాటికి ఇది ఉండదు. వాటిలో స్టీరింగ్‌ను ఓ కరెంటు మోటారు తిప్పుతుంది. 1988లోనే సుజుకీ వాళ్లు జపాన్‌లో సెర్వో అనే బుల్లి కారులో ఆ పద్ధతి తెచ్చారు. అంతకుముందు అంతా ఆయిలే. ఇంజన్ తిరిగితే దాంతో పాటు ఒక పంపు తిరుగుతుంది. అది ఆయిల్‌ను ఒత్తిడితో కింద ఉన్న ర్యాక్‌లోకి నెడుతుంది. మనం చక్రం కొంచెం తిప్పగానే ఆయిల్ ఆ వైపు తోస్తుంది. పని అయ్యాక ఇంకో పైపులోంచి డబ్బాలోకి తిరిగి వస్తుంది. అమెరికాలో ఫ్రాన్సిస్ డేవిస్ అనే ఇంజనీర్ 1920ల్లో దీన్ని తయారు చేశాడు. పెద్ద ట్రక్కుల స్టీరింగ్ తిప్పలేక డ్రైవర్లు పడే తిప్పలు చూసి మొదలుపెట్టాడట. అమ్మకానికి పెట్టిన కారులోకి అది రావడానికి 1951 దాకా పట్టింది, క్రైస్లర్ ఇంపీరియల్‌లో. బాపు బండి ఈ పాత కుటుంబానికి చెందింది.

పాకాల రోడ్డు మీద ఒక షెడ్డు ఉంది. బోర్డు మీద అక్షరాలు సగం రాలిపోయాయి. మేస్త్రికి యాభై దాటి ఉంటాయి. బాపు బండిని చూడగానే గుర్తుపట్టాడు. కొంచెం సేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "ర్యాక్ అని ఎవరన్నరు?" అన్నాడు.

చెప్పాను.

"బానెట్ లేపి చెప్పిండా, లేపకుండ చెప్పిండా?"

"లేపకుండా."

"మడి ఎండితే మడిల ఎతుకుతవా బిడ్డా? కాల్వ ఎంట పైకి పోవాలె గదా. కింద పడ్డ చుక్క కింద కారిందని కాదు."

మొదట ఒక తెల్ల అట్టముక్క తెచ్చి బండి కింద పెట్టాడు. ఇది మీరు కూడా ఇంట్లో చేయొచ్చు, ఏ పనిముట్టూ అక్కర్లేదు. రాత్రి అట్ట పెట్టి పొద్దున చూస్తే సగం విషయం తెలుస్తుంది. నల్లగానో ముదురు గోధుమ రంగులోనో ఉంటే ఇంజన్ ఆయిల్. ఆకుపచ్చగా లేదా గులాబీ రంగులో పల్చగా ఉండి తియ్యటి వాసన వస్తే రేడియేటర్ కూలెంట్. ఉత్త నీళ్లయితే ఏసీ, భయపడాల్సిన పనిలేదు. మా బండిలాంటి వాటిలో స్టీరింగ్ ఆయిల్ ఎర్రగా ఉంటుంది. బాగా పాతబడితే గోధుమ రంగుకు తిరుగుతుంది. కొన్ని కంపెనీల బండ్లలో ఆకుపచ్చది పోస్తారు కాబట్టి రంగు ఒక్కటే చూసి తీర్పు చెప్పొద్దు, పడ్డ చోటు కూడా చూడాలి. మాది ముందు ఎడమ చక్రం దగ్గర పడుతోంది.

తర్వాత డబ్బా మూత తీశాడు. ఆయిల్ కింది గీత కంటే కిందికి ఉంది. పైన నురగ. కల్లు కుండ మీద ఉంటుందే, అట్లాంటి నురగ. మేస్త్రి ఆ నురగను చాలాసేపు చూశాడు. నాకు అప్పుడు అర్థం కాలేదు గానీ, ఆయనకు జవాబు సగం అక్కడే దొరికింది.

"ఊఁ అని మూల్గుతందా తిప్పినప్పుడు?"

"అవును."

"పంపు గాలి మింగుతంది."

హెల్పర్ పిల్లగాడు డీజిల్, బ్రష్షు తెచ్చి కింద అంతా కడిగాడు. గాలి కొట్టి ఆరబెట్టాడు. చాలామంది ఈ పని చేయరట. ఏళ్ల తరబడి పేరుకున్న జిడ్డు మధ్య కొత్త తడి ఎక్కడుందో దేవుడు కూడా చెప్పలేడు. ముందు శుభ్రం చేయాలి, ఆ తర్వాతే వెతకాలి.

ఇక అసలు పరీక్ష. ర్యాక్‌కు రెండు చివర్లా ముడతలు ముడతలుగా రబ్బరు తొడుగులుంటాయి, ర్యాక్ బూట్లు అంటారు. ర్యాక్ లోపలి సీళ్లు పోతే ఆయిల్ ముందు ఈ బూట్లలోకే చేరుతుంది. మేస్త్రి ఎడమ వైపు బూటు చివర క్లిప్ తీసి, వెనక్కి జరిపి, వేలికి తెల్లగుడ్డ చుట్టి లోపల తిప్పాడు. గుడ్డ మీద కొంచెం పాత గ్రీసు, అంతే. ఎరుపు లేదు. కుడివైపూ అంతే. "బూటు బయట తడి, లోపట పొడి. ఇగ ర్యాక్ ఎట్ల పోతది?"

ముప్పై వేల ర్యాక్ బతికే ఉందని తేలడానికి పది నిమిషాలు పట్టింది. పావుగజం గుడ్డ ముక్క చాలింది.

పంపు పుల్లీ వెనక టార్చ్ వేసి చూశాడు. అక్కడ సీలు పోతే తిరిగే పుల్లీ ఆయిల్‌ను చుట్టూ చిమ్ముతుంది. బెల్టు మీద, బానెట్ లోపలి వైపు చుక్కలు పడతాయి. ఏమీ లేవు.

డబ్బాలో ఆయిల్ గీత దాకా పోసి, పైపుల మీద, కీళ్ల మీద పిల్లల పౌడర్ చల్లాడు. నవ్వొచ్చింది నాకు. "నవ్వకు, ఆయిల్ తగిల్తె పౌడర్ల గీత పడ్తది," అన్నాడు. నన్ను స్టీరింగ్ దగ్గర కూర్చోబెట్టి ఇంజన్ ఆన్ చేయించాడు. కుడికి, ఎడమకు తిప్పమన్నాడు. "కొసదాక తిప్పి పట్టుకోని ఉండకు. ఐదు సెకన్లు దాటొద్దు, పంపు వేడెక్కుతది." నేను ఉత్సాహంగా దిగి వచ్చి ఒక పైపు మీద చేయి పెట్టబోతే చేతిని లాగేశాడు. ఆ పైపులో ఒత్తిడి ఎంతో తెలుసా? మన కారు టైర్లో ముప్పై, ముప్పై అయిదు పీఎస్‌ఐ ఉంటుంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు ఆ సన్న పైపులో వెయ్యి దాటుతుంది. సూదిమొనంత రంధ్రం ఉన్నా ఆయిల్ చర్మంలోకి దూసుకుపోతుంది. బయటికి చిన్న గాటులా కనబడి, లోపల వేలే పోవచ్చు. అందుకే చేత్తో తడిమి వెతకొద్దు, అట్టముక్క అడ్డం పెట్టి చూడాలి.

పది నిమిషాలు తిప్పాను. పౌడర్ తెల్లగానే ఉంది. ఎక్కడా గీత లేదు.

గుండె జారింది. ఎక్కడా కారకపోతే మరి ఆ మడుగు ఎట్లా వచ్చింది? మేస్త్రి మాత్రం ఇంజన్ బంద్ చేయమని, "చాయ్ తాగొద్దాం పా" అన్నాడు.

చాయ్ హోటల్ దగ్గర బాపు గురించి చెప్పాడు. ఆఖరి రోజుల్లో కుడి భుజం నొప్పి అంటూ ఎడమ చేత్తోనే చాయ్ తాగేవాడట. నాకు ఫోన్‌లో ఆ మాట ఎప్పుడూ చెప్పలేదు.

తిరిగి వచ్చి టార్చ్ వేశాం. డబ్బా అడుగు నుంచి పంపుకు పోయే లావుపాటి పైపు మొదట్లో, పౌడర్ మీద సన్నటి ఎర్ర గీత. అక్కడి నుంచి పైపు వెంట జారి, కింది ఇనుప పట్టీ మీదికి దిగి, ఎడమ బూటు మీద బొట్టు బొట్టుగా పడుతోంది.

ఇప్పుడు అన్నీ కలిశాయి. ఆ పైపులోంచి పంపు ఆయిల్‌ను పీలుస్తుంది. ఇంజన్ నడుస్తున్నంత సేపూ అక్కడ పీల్పే గానీ తోపు ఉండదు. కాబట్టి పగులు ఉంటే ఆయిల్ బయటికి రాదు, గాలి లోపలికి పోతుంది. దాంతో నురగ, మూలుగు, స్టీరింగ్ బరువు. ఇంజన్ ఆపగానే పీల్పు ఆగి, డబ్బాలో ఉన్న ఆయిల్ తన బరువుకు తాను కారుతుంది. అందుకే ఆ తెలిసినాయన నడిపినప్పుడు పడలేదు, ఆపి మాట్లాడుకున్న పది నిమిషాల్లో పడింది. నడిస్తే మూలుగు, ఆపితే చుక్క. ఈ రెండూ కలిసి కనబడితే ముందు ఈ పైపు చూడండి.

పైపు కొన గట్టిపడి, వెంట్రుకవాసి పగిలింది. క్లిప్ కూడా గొట్టం అంచు దాటి లోపలికి ఉండాల్సింది, అంచు మీదే కూర్చుంది. "ఎవడో ఇప్పి సక్కగ బిగియ్యలే. ఈ మధ్యల ఈడ ఏమన్న పని చేయించిండా మీ బాపు?"

నాకేం తెలుసు? డ్యాష్‌బోర్డు కింది అరలో ఆయన లెక్కల పుస్తకం గుర్తొచ్చింది. డీజిల్, టోల్, చాయ్, అన్నీ రాసుకునేవాడు. తిప్పాను. మార్చి నెలలో ఒకచోట 'రేడియేటర్ పని 4,200'. అది ఎక్కడ చేయించాడో రాయలేదు, నేనూ వెతకలేదు. ఆ పని చేసేటప్పుడు స్టీరింగ్ డబ్బాను పక్కకు తీసి ఉంటారని మేస్త్రి అన్నాడు. మార్చికి ముందు పుస్తకంలో స్టీరింగ్ ఆయిల్ అనే మాటే లేదు. ఏప్రిల్ చివర మొదటిసారి పావు లీటరు. జూన్‌లో ఒకసారి, జులైలో ఒకసారి. ఆగస్టులో రెండుసార్లు. సెప్టెంబరులో మూడు. దాని పక్కనే బాల్‌పెన్‌తో, 'ర్యాక్ 30 వేలు అంటున్రు. పంట వచ్చినంక చూద్దాం.'

ఎవరో ఆయనకు కూడా బానెట్ లేపకుండానే చెప్పారన్నమాట. ఆ ముప్పై వేలకు భయపడి, నెలల తరబడి ఆ బరువు స్టీరింగ్‌ను భుజంతో తిప్పాడు. గాలి చేరిన ఆయిల్ సాయం చేయదు, మలుపు మలుపుకూ మనిషే లాగాలి. డ్రైవర్ సీటు కింద చేయి పెడితే సగం ఖాళీ అయిన ఎర్ర ఆయిల్ బాటిల్ తగిలింది.

మేస్త్రి నన్ను అట్లనే వదిలేసి పైపు తేవడానికి వెళ్లాడు. మంచి పని చేశాడు.

పైపు విషయంలో ఒక మాట. ఏ రబ్బరు పైపు పడితే అది పనికిరాదు. నీళ్ల పైపు వేస్తే ఆయిల్‌కు ఉబ్బి నెలలోనే మెత్తబడుతుంది, ఆయిల్ తట్టుకునేదే కావాలి. అట్లాగే డబ్బాలో ఏ ఆయిల్ పోయాలో మూత మీదో, బండి పుస్తకంలోనో రాసి ఉంటుంది. మా మూత మీద డెక్స్‌రాన్ అని ఉంది. అత్యవసరమని బ్రేక్ ఆయిల్ పోశారంటే సీళ్లన్నీ పాడవుతాయి, అప్పుడు నిజంగానే ర్యాక్ మార్చాలి. లీకు ఆపే మందులని బాటిళ్లు అమ్ముతారు. అవి సీలు రబ్బరును కొంచెం ఉబ్బేలా చేస్తాయి, పగిలిన పైపును ఏం అతికిస్తాయి?

కొత్త పైపు ఎక్కించి, రెండు కొత్త క్లిప్పులు అంచు దాటించి బిగించాడు. ముందు చక్రాలు జాకీ మీద లేపి, ఇంజన్ ఆపే ఉంచి, చక్రం ఈ కొస నుంచి ఆ కొసకు ఇరవై సార్లు తిప్పించాడు. డబ్బాలో బుడగలు పైకొచ్చి పగిలాయి. తగ్గిన కొద్దీ ఆయిల్ పోశాడు. బుడగలు ఆగాక ఇంజన్ స్టార్ట్. మూలుగు లేదు.

పైపు, క్లిప్పులు, లీటరు ఆయిల్, కూలి, అన్నీ కలిపి పదకొండు వందలు. ఇంకో వంద ఇస్తే తీసుకోలేదు.

"పాకాల దాక పోయిరా. అట్టముక్క ఎంట తీస్కపో," అన్నాడు.

నర్సంపేట నుంచి పాకాల పన్నెండు కిలోమీటర్లు ఉంటుంది. ఊరు దాటి, మొక్కజొన్న చేన్లు దాటి, అడవి మొదలవుతుంది. ఎండకాలం ముందరి టేకు, సగం ఆకులు రాలి, నేలంతా పెద్ద పెద్ద ఎండాకులు. మలుపులు ఎక్కువ. ప్రతి మలుపులో స్టీరింగ్ వేలితో తిరిగింది. అంత తేలిగ్గా తిరుగుతుందని బాపుకు తెలియకుండానే పోయిందన్న ఆలోచన వచ్చినప్పుడల్లా కిటికీ అద్దం దించుకున్నాను.

పాకాల చెరువు 1213లో, కాకతీయ గణపతిదేవుడి కాలంలో కట్టింది. ఎనిమిది వందల ఏళ్లు. రెండు గుట్టల మధ్య కట్ట వేసి వాగును ఆపారు, నీళ్లు నిండితే ముప్పై చదరపు కిలోమీటర్లు. ఇప్పటికీ దీని కింద వరి పండుతోంది. ఇక్కడి నుంచి పోయే వాగే కింద మున్నేరై, ఖమ్మం మీదుగా కృష్ణలో కలుస్తుంది. చుట్టూ అభయారణ్యం. చెరువులో మొసళ్లున్నాయి, రీల్స్ కోసం నీళ్లలోకి దిగే తమ్ముళ్లూ చెల్లెళ్లూ జాగ్రత్త. పొద్దుగూకే ముందు కట్ట మీద నిలబడితే అవతలి గుట్టలు నీలంగా, నీళ్లు రాగిరంగుగా... ఫోన్ కెమెరాలో ఇది సరిగ్గా రాదు, నాలుగుసార్లు ప్రయత్నించి మానేశాను.

అమ్మకు వీడియో కాల్ చేసి చెరువు చూపించాను. "మీ బాపు నన్ను ఒక్కసారన్న తీస్కపోలే, ఊరోళ్లందర్ని తీస్కపోయిండు," అంది. నవ్వుతోందో లేదో సిగ్నల్ సరిగ్గా లేక తెలియలేదు.

గంట తర్వాత బండి కింద వంగి అట్ట తీశాను. దుమ్ము, రెండు చీమలు, అంతే.

మర్నాడు సాయంత్రం కొనేటాయన ఒక్కడే వచ్చాడు. పాత పైపు ముక్క, అట్టముక్క, బిల్లు ముందు పెట్టాను. మార్చి నుంచి లీకు ఉన్న సంగతి దాచలేదు, పుస్తకంలో పేజీ కూడా చూపించాను. అతను బానెట్ లేపి టార్చ్ వేశాడు, కూర్చుని ఒక్క చేత్తో చక్రం ఇటు కొసకు అటు కొసకు తిప్పాడు. దిగి, కింద పడుకుని మరీ చూశాడు.

"రెండు యాభై అయిదు," అన్నాడు.

"రెండు అరవై. నిన్న మీరు చెప్పిన మాటే."

కాసేపు డిపోలోంచి బస్సులు వచ్చే పోయే చప్పుడు విన్నాం. ఫోన్ తీసి అరవై పంపాడు.

పుస్తకం నేను తీసుకున్నాను. తాళం చేతిలో పెట్టేటప్పుడు సీటు కింద ఉన్న సగం బాటిల్ చూసి, "ఇది గూడ ఇస్తవా?" అన్నాడు.

"ఉంచుకోండి అన్నా. వారానికోసారి మూత తీసి చూడండి. తగ్గితే, పోసే ముందు ఆ పైపు చూడండి."